పెరుమాళ్ పంపని ప్రసాదం

వరదరాజ నాయుడు తాగడు, జూదమాడడు, పరాయి ఆడవాళ్ల వంక కన్నెత్తి చూడడు. అతని తప్పంతా నాలుకలో ఉంది. కొత్త వంటకం వాసన తగిలితే చాలు, నలభై అయిదేళ్ల మనిషి, నాలుగు బండ్లకు యజమాని, పసివాడిలా గుటకలు మింగేవాడు.

పాపం, అతను పుట్టిన వీధి అలాంటిది. తమిళ సీమలో, కినత్తుకడవుకు కోసెడు దూరంలో పదిహేను తెలుగు ఇళ్లు, అన్నీ దాయాదులవే. వాళ్ల తాతల తాతలు ఎప్పుడో ఉత్తరం నుంచి దిగివచ్చి, ఆ నల్లనేల దున్నుకుని, అక్కడే పాతుకుపోయారు. పగలు జొన్న సంకటి, రాత్రి సజ్జ సంకటి, పక్కన ఉలవచారు. పండగైతే వరి అన్నం. పుట్టినవాడు ఊపిరి పోయేదాకా ఆ నాలుగే తిని పోవాలి. బయట వండినది ముట్టకూడదు. నూనెలో వేగినది, పండు, పేలాలు అయితే పరవాలేదు. నీళ్లలో ఉడికినది మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతిదే అయి ఉండాలి.

కుంఫిణీవారి పెత్తనం పోయి రాణిగారి దొరతనం వచ్చిన రెండు మూడేళ్లకు పోదనూరులో రైలు కట్ట వేశారు. కట్ట మీద పరిచే దూలాలు ఆనమలై అడవి నుంచి ఎద్దుబండ్ల మీద రావాలి. వరదరాజు తన నాలుగు బండ్లూ ఆ పనిలో పెట్టాడు. పాత బండివాడు కరుప్పుసామి ఒక్కడే వాటిని తోలించుకు రాగలడు. అయినా వారం వారం యజమాని కూడా ముందు బండి ఎక్కి కూర్చునేవాడు. దూలాల మీద అంత శ్రద్ధ దేనికో కరుప్పుసామికి మొదటి వారంలోనే తెలిసిపోయింది గానీ, అతను నోరు మెదపలేదు.

రైలు కట్ట పక్కన, కాడి దించి నిలబెట్టిన బండ్ల వరసలో కాళియమ్మాళ్ బండి ఒకటి. వెనక మూడు రాళ్ల పొయ్యి, పైన చిరిగిన చాప. ఆమెది ఏ కులమో తినేవాళ్లెవరూ అడగలేదు. అడిగితే తినడం కుదరదు. కట్ట పనికి మలయాళం నుంచి వచ్చినవాళ్లు, మరాఠీవాళ్లు, నెల్లూరు వైపు ఒడ్డెవాళ్లు అందరూ ఆమె దగ్గరే తినేవాళ్లు. తలకొక కోరిక కోరేవాళ్లు. ఆమె ఒకడి వంటలో ఇంకొకడి వంట కలిపేది. మలయాళం వాళ్ల వెదురు గొట్టంలో బియ్యప్పిండికి బదులు సజ్జపిండి పోసి, నడుమ బెల్లమూ చింతపండూ వేసి దగ్గరపడేలా ఉడికించిన ఉలవలు కూరేది. గుంతపొంగనాల్లో పనస తొన దాచేది. మిగిలిన దోసెలు చింపి, మజ్జిగ మిరపకాయలతో వేయించి, పైన కొబ్బరి చల్లేది.

"రండి నాయకరే, ఇవాళ ఎవరూ తినందొకటి ఉంది!" అని తమిళంలో దూరం నుంచే కేకవేసేది. వరదరాజు మొదటి నెల నూనెలో వేగినవే తిన్నాడు. రెండో నెలలో ఆవిరి మీద ఉడికినదానికి అంటు లేదని తనకు తానే ఒక శాస్త్రం రాసుకున్నాడు. మూడో నెలకు ఆ శాస్త్రం అవసరం కూడా లేకపోయింది. బండి చాటున కూర్చుని తిని, మూతి కడుక్కుని, తమలపాకు నమిలి, పెద్దమనిషిలా ఇంటికి వచ్చేవాడు.

ఇంట్లో భార్య ధనమ్మాళ్ తిండి మానేసి అప్పటికి ఏడాది కావస్తోంది. మానేసిందంటే ఒక్కసారిగా కాదు. అంతకు ముందు వేసవిలో వీధిలో అమ్మవారు పోసింది. వాళ్లకు మిగిలిన ఒక్క కొడుకూ, తొమ్మిదేళ్లవాడు, అందులో పోయాడు. అప్పటి నుంచి ఆమె ముద్ద మీద ముద్ద తగ్గించుకుంటూ వచ్చింది. వైద్యుడి కషాయాలు గడప దాటి వచ్చి, మొక్కల మొదట్లోకి పోయాయి. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. ఉదయం లేచి కూర్చోవడానికే గోడ పట్టుకునేది.

"ఏంటికి తినవు ధనం? చెప్పు, ఏమి కావల?" అని అడిగేవాడు వరదరాజు.

"పెరుమాళ్ మనల్ని మరిచిపోయె మామా," అనేది ఆమె. మేనత్త కూతురు, ఆ సీమ వాడుకలో బావను మామా అనే పిలిచేది. "ఆయన మరిచినాక నోటికి ఏమి రుచి ఉంటాది?"

ఒక శుక్రవారం కాళియమ్మాళ్ పనసాకులు పుల్లతో కుట్టి చిన్న దొన్నెలు చేసింది. వాటిలో సజ్జపిండి, తాటిబెల్లం, పచ్చికొబ్బరి, శొంఠి, మిరియం, కాస్త మామిడికాయ తురుమూ కలిపి ఆవిరికి పెట్టింది. వరదరాజు ఒకటి నోట్లో వేసుకున్నాడు. తీపి ముందు వచ్చి, పులుపు నడుమ తగిలి, కారం గొంతులో నిలిచింది. రెండోదానికి చెయ్యి చాచినవాడు ఆగిపోయాడు. ఇన్నాళ్లలో మొదటిసారి, ఆ బండి దగ్గర అతనికి పెళ్లాం గుర్తొచ్చింది. సిగ్గేసింది. నాలుగు దొన్నెలు ఆకులో కట్టించుకున్నాడు.

బండి ఊరి దారి పట్టాక గానీ అసలు చిక్కు తోచలేదు. బయటి వంట ధనమ్మాళ్ ముట్టదు. చచ్చినా ముట్టదు. ప్రసాదమైతే మాత్రం ఎవరి చేతి నుంచైనా కళ్లకద్దుకుని తింటుంది. దారిలో ఒక బావి గట్టు మీద తులసి మొక్క కనబడింది. బండి ఆపించి, నాలుగు దళాలు తెంపి ఆకుల మీద పరిచాడు. కరుప్పుసామి ఎద్దుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

"నొయ్యల్ ఒడ్డు పెరుమాళ్ కోయిల్ ప్రసాదం," అన్నాడు వరదరాజు గడపలోనే, ఆమె ముఖం చూడకుండా. "అర్చకరు పిలిచి, ఇంటికి ఎత్తుకపో అని ఇచ్చిరి."

ఆమె లేచి కూర్చుంది. "పిలిచిరా? నిన్నే పిలిచిరా?"

"నన్నే."

ఆమె దొన్నె అందుకుని కళ్లకద్దుకుంది. ఆకు విప్పి చూసింది. "సజ్జ ఏంటికి పెట్టిరి మామా, పెరుమాళ్‌కు?"

"సజ్జ పండే సీమలో ఆయన కూడా సజ్జే తింటాడు."

ధనమ్మాళ్ నవ్వింది. కొడుకు పోయాక అదే మొదటి నవ్వు. దొన్నె మొత్తం తిని, ఆకు నాకి, వేళ్లు తలకు రాసుకుంది. వరదరాజు పెరట్లోకి వెళ్లి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. కాళియమ్మాళ్ చేతిలో అమృతం ఉందనుకున్నాడు. రుచి తెలిసినవాడు కదా, ఆ గొప్పంతా రుచిదే అనుకున్నాడు.

ఆ తరవాత వారం వారం దొన్నెలు వచ్చాయి. మూడో వారానికి ధనమ్మాళ్ సంకటి కూడా రెండు ముద్దలు తిన్నది. అయిదో వారానికి వాకిలి చిమ్మి ముగ్గు వేసింది. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి బిందెలు దించి నిలబడిపోయారు. "నన్ను తలచుకొనె వదినే," అని ఆమె ఇంటింటా చెప్పుకుంది. "మరిచిపోయె అనుకొంటిని. తలచుకొనె."

అంతటితో ఆగితే బాగుండేది. ప్రసాదం ఒక్కరే తింటే దోషం. పదిమందికీ పంచాలి. ఆ వీధిలో పుట్టిన వరదరాజుకు ఇది తెలియనిది కాదు. అబద్ధం చెప్పే తొందరలో దాని సంగతే మరిచాడు. ఆరో వారం అతను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ధనమ్మాళ్ దొన్నెలను గోరంత గోరంత ముక్కలు చేసి, పళ్లెంలో పెట్టుకుని, తోడికోడలు నాచ్చియార్ ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది.

"వద్దు ధనం, నీకే చాలదు," అన్నాడు ఆ సాయంత్రం.

"ఆయన సొత్తు మామా. మనకేమి హక్కు, దాచుకొనేకి? వచ్చే తూరి కొంచం ఎక్కువ అడిగి ఎత్తుకరా."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే ఆమె మళ్లీ గోడ పట్టుకుంటుంది. అందుకని పదిహేను ఇళ్లకూ సరిపడా దొన్నెలు కట్టించాడు. కాళియమ్మాళ్ ముఖం వెలిగిపోయింది. "నా చేతి తిండి మీ వీధిలో తింటున్నారా నాయకరే? నాయకర్ల ఇళ్లలోనా?" అని రెండుసార్లు అడిగింది. తింటున్నారన్నాడు. ఆ రోజు ఆమె బెల్లం ఇంకాస్త దండిగా వేసింది. వీధిలో పిల్లా పెద్దా శుక్రవారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. వరదరాజు అన్న భార్య నాచ్చియార్ అయితే, తన మోకాళ్ల నొప్పి కూడా ఆ ప్రసాదంతోనే తగ్గిందని తేల్చేసింది.

తగ్గినందుకు మొక్కు తీర్చుకోవాలని ఆమె బండి కట్టించుకుని నొయ్యల్ ఒడ్డు కోయిల్‌కు వెళ్లింది. అర్చకుణ్ణి సజ్జ ప్రసాదం అడిగింది. ఆయన విస్తుపోయాడు. తమ పెరుమాళ్‌కు సజ్జ నివేదించడం తన తాతల నాడు కూడా లేదన్నాడు. వరదరాజ నాయుడు ఎవరో తనకు తెలియదన్నాడు.

తిరిగి వచ్చిన నాచ్చియార్ ఇంట్లో అడుగు పెట్టకుండా నేరుగా బండ్ల దొడ్డికి వెళ్లి కరుప్పుసామిని నిలదీసింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. అడిగాక దాచడం అతనికి చేతకాలేదు. మధ్యాహ్నానికి పదిహేను ఇళ్లకూ కాళియమ్మాళ్ పేరు తెలిసింది. ఒకళ్లిద్దరు ఆడవాళ్లు గొంతులో వేలు పెట్టుకుని కక్కారు, ఎప్పుడో నాలుగు రోజుల కిందట తిన్నదాన్ని.

దాయాదులు కూడి మాట్లాడారు. అందరూ ఒక పూట పస్తుండి పంచగవ్యం పుచ్చుకోవాలి. వచ్చే ఏడు కులదేవత జాతర దాకా వరదరాజు ఇంటి నుంచి ఎవరూ నిప్పు తీసుకోరు, నీళ్లు తాగరు. అతను తల వంచుకుని అన్నిటికీ ఊ కొట్టాడు. వాళ్ల తిట్లు అతని చెవికెక్కలేదు. ఇంట్లో ధనమ్మాళ్ వింటోందన్న ఒక్క భయమే అతన్ని తినేస్తోంది.

ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. కోపం లేదు. ఏడుపూ లేదు.

"కోయిల్‌ది కాదా మామా?"

"కాదు."

"ఒక్క తూరి కూడా?"

"లేదు ధనం."

"మొదటి నాటిది అయినా?" అని అడిగింది. ఆ ఒక్కటైనా నిజమంటే మిగతావన్నీ మన్నించేదేమో. అబద్ధమాడే నేర్పు ఉన్న మనిషికి సరిగ్గా అప్పుడే నోరు రాలేదు.

"నువ్వు తింటివి కదా," అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు. "బలం వచ్చె కదా. లేచి తిరిగితివి కదా. ఎవరు వండితే ఏమి?"

"నేను తిన్నది వంట అనుకొంటివా?" ఆమె అతని వైపు వింతగా చూసింది. "అది తీపో పులుపో నాకు తెలీదు మామా. ఆయన నన్ను తలచుకొనె అని తింటిని."

ఆ రాత్రి నుంచి ఆమె మళ్లీ తినలేదు. పంతం పట్టి మానలేదు. ముద్ద నోటి దాకా తెచ్చుకునేది, దించేసేది. నాలుగో రోజు వరదరాజు కాలినడకన నొయ్యల్ ఒడ్డు కోయిల్‌కు పోయాడు. అర్చకుడి కాళ్లు పట్టుకున్నంత పని చేసి, నిజమైన పెరుమాళ్ ముందు నిజంగా నివేదించిన పులిహోర ఆకులో కట్టించుకుని, ఎక్కడా దించకుండా ఇంటికి మోసుకొచ్చాడు. ఆమె దాన్ని చూసింది.

"ఇది ఎవరి బండిది మామా?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగింది. ఒట్టు వేశాడు, కొడుకు మీద కూడా ఒట్టు వేశాడు. ఆమె నమ్మలేదు. నమ్మాలని ప్రయత్నించింది, కుదరలేదు. ఆరు వారాలకు పోయింది. నిప్పూ నీళ్లూ వద్దన్న దాయాదులు పాడె మోయడానికీ కర్మకూ మాత్రం వచ్చారు. ధనమ్మాళ్ మీద ఎవరికీ కోపం లేదు.

పదహారో నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి అరిటాకులో వడ్డించడం ఆ ఇళ్ల ఆచారం. నాచ్చియార్ పొద్దున్నే వచ్చి, కొంగు బిగించుకుని, పొయ్యి అలికి, వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"చెప్పు మరిదీ," అంది. "మా ధనానికి ఏమి ఇష్టంగా ఉండె? ఏదైనా సరే, చేస్తాను."

పోదనూరు కట్ట మీద ఏ బండిలో ఏ వంట ఏ పాకంలో ఉంటుందో అడిగితే వరదరాజు కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి ఇష్టం అడిగితే ఒక్కటీ చెప్పలేడు. ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాక, వంటింట్లో గోడ వైపు తిరిగి, మిగిలింది తినేది. ఆమె తింటుండగా అతను చూసింది ఆ శుక్రవారాల్లోనే. ఆ దొన్నెల పేరు ఈ ఇంట్లో ఎత్తడానికి లేదు. ఎత్తినా, వాటి రుచి తనకు తెలియదని ఆమే చెప్పింది.

"నాకు తెలీదు వదినే," అన్నాడు.

నాచ్చియార్ లోపలికి పోయి, ఆ ఇంట్లో ధనమ్మాళ్ ఎప్పుడూ ఏవి వండేదో గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్కటే వండింది. మధ్యాహ్నం ఆకులో వడ్డించి, దండం పెట్టుకోమని అతన్ని పిలిచింది. వరదరాజు చేతులు జోడించి ఆకు వంక చూశాడు. ఆకులో ఉన్నవన్నీ తనకు ఇష్టమైనవే.