గీత దాటిన విల్లు

ఏ పనైనా గట్టిగా పట్టుకుంటేనే వస్తుందని నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది కర్నూలులో డిగ్రీ చదివే రోజుల్లో వచ్చింది. బస్సులో కడ్డీ, పరీక్షలో పెన్ను, హాస్టల్లో అన్నం పళ్లెం, ఏదైనా సరే, ఎవరో లాక్కుపోతారన్నట్టు పిడికిలి బిగించి పట్టుకునేదాన్ని. అలాంటి దాన్ని పోయి పోయి విలువిద్యలో చేరాను. కారణం పెద్దదేమీ కాదు. కాలేజీ నోటీసు బోర్డు మీద విల్లెక్కుపెట్టిన ఒక అమ్మాయి ఫొటో ఉండేది. దవడ కింద చెయ్యి ఆనించి, ఒక కన్ను కొద్దిగా మూసి, ప్రపంచాన్ని లెక్కచెయ్యనట్టు నిలబడింది. నా మొహం కూడా అలా కనిపిస్తే బాగుండుననిపించింది. (మొహం సంగతి తర్వాత అద్దంలో చూసుకున్నాను. తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుంది.)

మాకు నేర్పించే ఆయన్ని మేము ‘మెల్లగా సారు’ అనేవాళ్లం. రోజుకు వందసార్లు ఆ మాటే అనేవాడు. మొదటి రోజే నా దగ్గరికి వచ్చి, “ఏమ్మా, ఆ వెదురు నీకేం అన్యాయం చేసింది? గొంతు పిసుకుతాండావు” అన్నాడు. విల్లును పట్టుకోకూడదట, అది వచ్చి చేతిలో కూర్చోవాలట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నా చేతి మీద పెన్నుతో గీత గీసి, “ప్రతిసారీ ఈడనే కూర్చోవాల. ఒకసారి ఈడ, ఒకసారి ఆడ అయితే బాణం గూడా అట్లనే పోతాది. మిగిలిన వేళ్లు ఊరికే ఉండాల” అని చెప్పాడు. నా వేళ్లకు పుట్టి బుద్ధెరిగి ఊరికే ఉండడం తెలియదు. బాణం వదిలే క్షణానికి అయిదూ కలిసి విల్లును నలిపేసేవి. విల్లు మెలి తిరిగేది, బాణం ఎడమకు పోయి కంపచెట్లలో పడేది. నేను విల్లు పట్టుకున్న సమయం కంటే ఆ ముళ్లలో బాణాలు వెతికిన సమయమే ఎక్కువ. చెయ్యి నిలకడగా ఉండాలని హాస్టల్ గదిలో నీళ్ల సీసా పట్టుకుని, చెయ్యి చాపి నిలబడి అంకెలు లెక్కపెట్టేదాన్ని. నాతో ఉండే మైదుకూరు అమ్మాయి, “ఎట్లాగూ నిలబడే ఉండావు కదా” అని తన తడి తువ్వాలు నా చేతి మీద ఆరేసేది.

ఇదంతా ఇంట్లో చెప్పి ఉంటే సరిపోయేది. మా నాయన బేతంచెర్లలో బండల లారీ నడిపేవాడు. ఫోన్లో “ఎట్ల కొడతాండావు మా?” అని అడిగితే, “టీములో నేనే ఫస్టు నాయనా” అనేశాను. ఆ మాట అమ్మకు చేరింది, అమ్మ దగ్గర్నుంచి చర్చికి చేరింది. సెలవులకు ఇంటికి పోయిన ఆదివారం పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి, “ఈ బిడ్డ బాణాలు గురి తప్పనియ్యద్దు ప్రభువా” అని ప్రార్థన చేశాడు. నేను తల ఎత్తలేదు. అది భక్తి అనుకున్నారందరూ.

యూనివర్సిటీ టీముకు ఎంపిక రోజు రానే వచ్చింది. పొద్దున పదింటికి మైదానం గోడ పక్కన మా నాయన లారీ ఆగింది. బండల లోడు దించి నేరుగా వచ్చాడు. నాయన, అమ్మ, మా మేనత్త, లోడెత్తే నలుగురు, అందరూ దిగి గోడెక్కి వరసగా కూర్చున్నారు. మెల్లగా సారు నా మొహం చూసి, “భయపడితే పిడికిలి బిగుసుకుంటాది. వేళ్లు వదులు చెయ్యి” అన్నాడు.

సరే, ఈరోజు వదులు చేసి తీరాలని నిశ్చయించుకున్నాను. వేళ్లు వదులుగా పెట్టేవాళ్లు విల్లు పడిపోకుండా బొటనవేలికీ చూపుడువేలికీ కలిపి చిన్న తాడు కట్టుకుంటారు. సారు నాకూ ఒక బూటు లేసు ఇచ్చి ఉన్నాడు. నా పట్టుకు దానితో ఏనాడూ పని పడలేదు కాబట్టి దాన్ని జడకు కట్టుకున్నాను. ఆ సంగతి ఆ నిమిషంలో గుర్తు రాలేదు. బాణం వేసేచోట నేల మీద గీసిన గీత దగ్గర నిలబడ్డాను. విల్లు వచ్చి చేతిలో కూర్చుంది. జీవితంలో మొదటిసారి వేళ్లు ఊరికే ఉన్నాయి. ఊపిరి పీల్చి, నారి లాగి వదిలాను.

బాణం పోయి టార్గెట్టు నడుమ పసుపు రంగులో దిగింది. విల్లు కూడా నా చేతిలోంచి ఎగిరి గీత దాటి, నాలుగు బారల అవతల దుమ్ములో పడింది.

తెచ్చుకుందామని అడుగు వేయబోతే, “గీత దాటద్దు! విజిల్ వేసేదాకా ఆడనే నిలబడు!” అని అంపైరు అరిచాడు. నడుముకు ఇంకా రెండు బాణాలు ఉన్నాయి, చేతిలో విల్లు లేదు. చాపిన చెయ్యి చాపినట్టే పెట్టుకుని, పక్కవాళ్లు టకటకా కొడుతుంటే దిష్టిబొమ్మలా నిలబడ్డాను. అప్పుడు గోడ మీద చప్పట్లు మొదలయ్యాయి. అమ్మ “స్తోత్రం, స్తోత్రం” అంటోంది. విజిల్ పడ్డాక నాయన పరుగున వచ్చి, మెల్లగా సారును పట్టుకుని, “ఏం సార్, ఈ ఆటలో విల్లు గూడా ఇసిరేయాల్నా? మిగిలినోళ్లకు అది చేతకాలేదే!” అని అడిగాడు. సారు నవ్వలేక, ఆపుకోలేక, తల తిప్పుకుని, “శానా తక్కువమందికి చేతనవుతాదప్పా” అన్నాడు.

తర్వాత లేసు కట్టుకున్నాను గానీ వేళ్లు మళ్లీ పిడికిలి బిగించాయి. బాణాలన్నీ మళ్లీ కంపచెట్ల దారి పట్టాయి. ఎంపిక జాబితాలో నా పేరు లేదు.

ఆ రోజు లారీలోనే ఊరికి బయల్దేరాను. నాయన పక్కన కూర్చుని డోను దాకా ఏడ్చి, చివరికి, “నేను ఫస్టు కాదు నాయనా, అబద్ధం చెప్పినా” అన్నాను.

“తెలుసులే మా” అన్నాడు గేరు మారుస్తూ. “పోయిన నెలే మీ సారును అడిగినా. లాస్టు నుంచి రెండో పాప అన్యాడు.”

“మరి అంతమందిని ఏసుకుని ఎందుకొచ్చినావు?”

“లాస్టు నుంచి రెండో పాపను సూడకూడదా ఏమి?”

ఆ తర్వాత రెండేళ్లు లేసు కట్టుకుని, వేళ్లకు ఊరికే ఉండడం నేర్పించి, చివరి ఏడాది టీములో చేరాను. ఏమీ గెలవలేదు. ఇప్పుడు ఎర్రగుంట్లలో ఉద్యోగం, ఫైళ్లు, రోజూ రెండు బస్సులు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంటికి ఎవరొచ్చినా నాయన నేను టీములో చేరిన సంగతి చెప్పడు, ఆ రోజు సంగతే చెప్తాడు. “బాణం ఇట్ల పోయింది, విల్లు అట్ల పోయింది” అని రెండు చేతులతో చూపిస్తాడు. ఒకప్పుడు సిగ్గుపడి వంటింట్లోకి పోయేదాన్ని. ఈమధ్య గుమ్మం దాకా వచ్చి వింటున్నాను. మొన్నయితే, “ఆడ కాదు నాయనా, ఇంకా దూరం పడింది” అని నేనే సరిచేశాను.