పేర్లు కోసేసిన పుస్తకం

పాతకాలపు ఇంగ్లీషు పుస్తకాల్లో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన రాజుల బొమ్మలు, సేనాపతుల బొమ్మలు ఉండేవి. వాటిని పోగుచేయడం నాకు పిచ్చి. ఎనభైల్లో రేపల్లెలో చర్చి వెనక ఉండే ఒక రిటైరైన టీచరమ్మగారు అలాంటి పుస్తకం ఒకటి ఇచ్చారు.

"మా ఇంట్లో చెదలు తినేస్తాయి. మీరైతే చూసుకుంటారు బాబూ" అన్నారు.

కుట్లు ఊడాయి, మొదటి పేజీలు ఎప్పుడో పోయాయి. అయినా ప్రతి బొమ్మ కిందా, కాగితం అంచున, సన్నటి అక్షరాల్లో ఆ మనిషి పేరుంది. ఆ పేర్లు చదువుకుంటూ రైల్లో తెనాలి వచ్చాను.

అక్కడే ఒక బైండరుకి కుట్టమని ఇచ్చాను. కుట్టు మాత్రం వెయ్యమనీ, అంచులు ముట్టుకోవద్దనీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. తీరా వెళ్తే పుస్తకం సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. మూడు వైపులా మిషన్ మీద కోసేశాడు. ఒక్క పేరూ మిగల్లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంటయ్యా ఇది, కొయ్యొద్దన్నాను కదా?"

"ఎగుడుదిగుడుగా ఉందండి. కొయ్యకపోతే దాన్ని బైండింగంటారా సార్? బొమ్మ ఒక్కటి కూడా తెగలేదు, చూస్కోండి."

నిజమే, తలలన్నీ భద్రంగా ఉన్నాయి. ఏది ఎవరి తలో చెప్పే దిక్కు లేదు. కోసిన ముక్కలైనా ఇమ్మంటే, మైదా జిగురు కాచే పొయ్యిలో వేశానన్నాడు. పైగా నా మీద గౌరవంతో, నేను అడక్కుండానే ఇంకో పని కూడా చేశాడు.

ఇప్పటికీ ఆ పుస్తకం చూస్తే మండుతుంది. లోపల ఒక్కరికీ పేరు లేదు. అట్ట మీద మాత్రం బంగారు రంగు అక్షరాల్లో నా పేరు మెరుస్తూ ఉంటుంది.