టీచరమ్మ గదిలో మైనపు తీగ

ఈమధ్య దర్జీలు కాలరు మరీ బిగుతుగా కుడుతున్నారు. నా మెడే లావెక్కిందని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం (దాన్ని గౌరవిస్తాను, ఒప్పుకోను). ఏమైనా పై గుండీ పెట్టుకోగానే ఎవరో వెనకనించి నెమ్మదిగా నా మెడ కొలత తీసుకుంటున్నట్టుంటుంది. షేర్వానీ లేనిదే ఆఫీసు గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో, పంజాగుట్టలో పట్టుకున్న జబ్బు ఇది.

ఆ రోజుల్లో పంజాగుట్టలో ఇళ్ళకంటె బండరాళ్ళు ఎక్కువ. పొద్దువాలితే టాంగావాళ్ళకు అటు రాకుండా ఉండేందుకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. నేను బి.ఎస్సీ. ప్యాసై, లక్డీకాపూల్‌లో గుమాస్తాగా చేరి, బడిలో పాఠాలు చెప్పి మానుకున్న ఒక పెద్దావిడ ఇంట్లో ముందుగదిలో ఉండేవాణ్ణి. ఊరందరికీ ఆవిడ టీచరమ్మ. పక్కగదిలో ఒక దర్జీ. అమీర్‌పేటలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. మెడలోని టేపు స్నానానికి తప్ప తీయడు కనక టేపన్న. నా గదిలో నాకంటె ముందునించీ కాపురమున్నది ఒక తీగ. మందపాటి ఆకులు, మైనంతో పోతపోసినట్టుండే నక్షత్రాల పూగుత్తులు (ఇప్పుడు హోయా అంటున్నారు, అప్పుడు మాకు మైనపు తీగే). కిటికీ దగ్గర కుండీలో మొదలై, గోడకు కట్టిన దారాల మీదుగా, చనిపోయిన టీచరమ్మ భర్త ఫొటో దాకా పాకింది. ఆయన తెచ్చి నాటిందే. ఆయన పోయిన నెలలోనే, తొలివానలకు, ఏటా పూస్తుందట.

ఒక వేసవిలో టీచరమ్మ వరంగల్లులో చెల్లెలి దగ్గరకు వెళుతూ తీగను నాకప్పగించింది. కుండీ తిప్పొద్దంది, నీళ్ళు ఎక్కువ పోయొద్దంది. చివరికి, ఆకు లేకుండా ఎండినట్టున్న పొట్టికాడలు చూపించింది.

"గివి తెంపకు బిడ్డా. పోయినేడు పూసిన కాడకే మల్ల పూస్తది. అది పూసినన్ని దినాలు ఆయన ఇంట్ల ఉన్నట్టే ఉంటది నాకు."

నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు అప్పటికే మంచి అనుభవం.

మూడో ఆదివారం తోచక, నా వృక్షశాస్త్రం గుర్తొచ్చింది. ఎండుకాడ తీసేస్తే పచ్చతీగకు బలం. ఈ సంగతి పెద్దావిడకు తెలియకపోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. టేపన్న కత్తెర అడిగి తెచ్చి, కనిపించిన కాడలన్నీ తీసేశాను. పదకొండు. తెగిన చోటల్లా పాలు కారాయి. ఎండినవాటికి పాలెక్కడివన్న ప్రశ్న మాత్రం నాకు పన్నెండో దానికోసం వెతుకుతుండగా తట్టింది.

అప్పటినించీ తీగ నాకోసం వెతకసాగింది. ఆకుల్లేని సన్నటి కొస ఒకటి గాలిలోకి చేయి చాచినట్టు చాచి, పొద్దున కిటికీవైపు ఉండి, నేను ఆఫీసునించి వచ్చేసరికి నా మంచంవైపు తిరిగేది. టేపన్న రోజూ టేపు పెట్టి చూసి, నిన్నటికంటె రెండంగుళాలు ఎక్కువని, పైజామా పొడవు చెప్పినంత తాపీగా చెప్పి వెళ్ళేవాడు. చుట్టాల పెళ్ళికి వెళ్ళి వారానికి తిరిగొస్తే, కొక్కేనికున్న నా షేర్వానీ మెడచుట్టూ ఆ కొస రెండు చుట్లు తిరిగి ఉంది.

టేపన్న ఆ చుట్లను వేలితో లెక్కపెట్టాడు. "కాలరు కొలత తీసుకున్నది సార్. ఇగ కుట్టుడే తరువాయి."

తొలివానలు పడ్డాయి. ఒక సాయంత్రం దీపం పెట్టే వేళకు గదినిండా తీపివాసన. తీగ మీద పువ్వు లేదు. పూయడానికి నేను కాడ మిగల్చలేదు. అంతలో ఫొటో చట్రం కింది అంచునించి ఒక చుక్క రాలి నా పుస్తకం మీద పడింది. వేలితో తాకితే జిగట. పెద్దాయన ముఖంలో మార్పేమీ లేదు. టేపన్నను పిలిస్తే గుమ్మంలోనే నిలబడి, పెద్దసారు ఏడుస్తుండని తేల్చేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. మర్నాడూ అదే వాసన, అదే వేళకు చుక్క. ఫొటోను ముట్టుకునే ధైర్యం మా ఇద్దరి చదువులు కలిపినా చాలలేదు.

టీచరమ్మ వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. పారేయకుండా దాచిన కాడల్ని టేపన్న పచ్చదారంతో ఎక్కడివక్కడ కుట్టిపెట్టాడు. కుట్టు మాత్రం చక్కగా కుదిరింది.

ఆవిడ దిగిన సాయంత్రమే, సంచీ చేతిలో ఉండగానే, ఆ కుట్లను ఒక్కొక్కటే తడిమి చూసింది, పరీక్షపేపరు దిద్దుతున్నట్టు. పదకొండూ అయ్యాక కుర్చీలో కూలబడింది. "ఈయేడు రాడు ఇగ," అంది, నాతో కాదు. నాకు అక్కడ నిలబడ్డం కష్టమై, కత్తెర సంగతీ వాసన సంగతీ చుక్కల సంగతీ అంతా చెప్పేశాను. చుక్కల మాట వింటూనే ఆవిడ లేచి, స్టూలు తెమ్మని, ఎక్కి, ఫొటోను పక్కకు జరిపింది. ముందుకు వాలిన ఫొటోకూ గోడకూ మధ్య సందులో, వెంటిలేటరు వెలుతురు పడేచోట, పాతకాడ ఒకటి. దానికి లేతగులాబీ నక్షత్రాల గుత్తి, ప్రతి నక్షత్రంలో ఒక తేనెచుక్క. ఆవిడ దాన్ని తాకలేదు. చాలాసేపు వాసన చూసింది.

ఆవిడిచ్చిన కొమ్మే ఇప్పుడు మా ఇంట్లో పాకుతోంది. దాని దగ్గరకు నన్ను రానిస్తారుగాని, కత్తెరను రానివ్వరు. స్టూలు గట్టిగా పట్టుకుని, సగం పుస్తకం చదివిన ధీమా అంతా దిగిపోయి, కింద నిలబడ్డ ఆ కుర్రగుమాస్తాను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ సాయంత్రం టీచరమ్మ స్టూలు మీదినించి అతనివైపు చూసింది.

"నీ కంట పడలె గన్క బతికింది."