అగ్రిమెంటు పిన్ని

మా పిన్నికి మనుషుల మీద బోలెడంత నమ్మకం. వాళ్ల మాటల మీదే లేదు. "మాటకు కాళ్లుంటాయే, వెళ్లిపోతుంది. కాగితమైతే బీరువాలో పడుంటుంది" అంటుంది. అందుకే ఆవిడ ఇంట్లో అగ్రిమెంటు లేకుండా ఆకు కూడా కదలదు. వీధి వీధంతా ఆవిణ్ణి అగ్రిమెంటు పిన్ని అంటుంది. ఆ పేరు పెట్టింది మా బాబాయి. పెట్టేముందు ఆయన చేతా సంతకం పెట్టించుకుందని వినికిడి.

పిన్ని తన ఇంటి ముందు గదిలో డేకేర్ నడుపుతుంది. గోడ వారగా చిన్న చిన్న పరుపులు, కిటికీ కింద బొమ్మల బుట్ట, కొక్కేలకు పిల్లల సంచులు. గుమ్మం పక్కన ఒక స్టూలు, దాని మీద దారంతో కట్టేసిన పెన్ను. "పెన్ను మీద కూడా నమ్మకం లేదా?" అని ఓ తండ్రి అడిగాడు. "పెన్ను మీద ఉంది బాబూ. పట్టుకునేవాళ్ల మీదే లేదు" అంది పిన్ని.

మా వాణ్ణి అక్కడ చేర్చిన రోజు మా ఆయన నవ్వేశాడు. "మనలో మనకి కాగితాలేంటి అత్తయ్యగారూ?"

"మనలో మనకే కావాలి. బయటివాళ్లతో పేచీ వస్తే ఓ దణ్ణం పెట్టి ఊరుకుంటాం. అయినవాళ్లయితే ప్రతి పెళ్లిలోనూ ఎదురుపడతారు."

ఆయన కాగితం అందుకుని చదివాడు. జ్వరం వచ్చిన బిడ్డను 'కాస్త వెచ్చగా ఉందంతే' అంటూ తీసుకురాకూడదు. దించి వెళ్లేటప్పుడు బిడ్డ ఏడిస్తే తల్లి ఒక్కసారే వెనక్కి తిరగాలి. తండ్రి అసలు తిరగకూడదు.

"తండ్రి ఏం పాపం చేశాడండీ?"

"తిరిగితే ఏడుస్తాడు. పిల్లల్నయితే నేను ఊరుకోబెట్టగలను."

మొదటి రోజే మా ఆయన తిరిగాడు. ఆ షరతు ఊరికే రాయలేదని తేలిపోయింది.

పిల్లలకూ మినహాయింపు లేదు. పక్కవాణ్ణి కొరకనని ఓ బుడతడి చేత రంగులో వేలు ముంచి ముద్ర వేయించింది. మర్నాడు వాడు మళ్లీ కొరికాడు. పిన్ని కాగితం తెచ్చి చూపిస్తే దాన్నీ కొరికాడు. ఇక బాబాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లలు పడుకున్న వేళ ఇంట్లో తుమ్మనని రాసిచ్చిన మనిషి లోకంలో ఆయనొక్కడే అయి ఉంటాడు. ముక్కు పట్టుకుని వరండాలోకి పరుగెత్తడం మేమంతా చూశాం.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. నాకు ఒళ్లు మండింది బట్టల కొట్టు అమ్మాయి విషయంలో.

ఆ అమ్మాయి పెద్ద వీధి మలుపులో బట్టల కొట్టులో పనిచేస్తుంది. ఓ మూడేళ్ల కూతురు తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరు. కొట్టు యజమాని చెడ్డవాడేం కాదు. కాకపోతే సరిగ్గా ఆమె బయల్దేరే వేళకి, "ఈ నాలుగూ మడతపెట్టి వెళ్లమ్మా" అంటాడు. నాలుగంటే బల్ల నిండా. "కుదరదండీ" అన్న మరో అమ్మాయి ఆ నెలలోనే ఉద్యోగం పోగొట్టుకుంది. దాంతో ఈమెకు ఆ మాట గొంతు దాటి వచ్చేది కాదు. దీపాలు వెలిగాక రొప్పుతూ వచ్చేది. మిగతా పిల్లలంతా వెళ్లిపోయాక ఆ పిల్ల సంచి తగిలించుకుని కిటికీ దగ్గర నిలబడేది. బొమ్మలిచ్చినా ముట్టుకునేది కాదు.

ఓ సాయంత్రం మా వాణ్ణి తీసుకెళ్దామని వెళ్లాను. పిన్ని ఆ అమ్మాయి ముందు కొత్త కాగితం పెట్టి కూర్చుంది. సాయంత్రం ఆరు దాటి వస్తే మర్నాటి నుంచి బిడ్డకు ఇక్కడ చోటు లేదు, ఏ కారణమూ చెల్లదు అని అందులో ఉంది.

"అమ్మా, మా కొట్టాయన..." అంది ఆ అమ్మాయి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

"ఆయన గొడవ నాకెందుకు? సంతకం పెట్టు. ఈ కాగితం రోజూ నీ సంచిలో ఉండాలి."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది. నేనాగలేకపోయాను. "ఇటు వస్తే ఉద్యోగం పోతుంది, అక్కడుంటే బిడ్డకు చోటు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి చేశావు కదా. నీకసలు మనసుందా పిన్నీ?"

"నాతో తర్వాత దెబ్బలాడుదువుగానీ, వాడికి ఆకలేస్తోంది, ఇంటికి తీసుకెళ్లు."

మా వాణ్ణి చంకనేసుకుని విసవిసా వచ్చేశాను. ఆ మర్నాటి నుంచి పిల్లాణ్ణి దించి తెచ్చే పని మా ఆయనకు అప్పగించి, పిన్నితో మాటలు మానేశాను.

కొన్నాళ్లకు, మా వాడికి ప్యాంట్లన్నీ మోకాళ్ల దగ్గర చిరిగిపోతే, ఆ కొట్టుకే వెళ్లాల్సి వచ్చింది. సాయంత్రం అయింది. యజమాని బల్ల మీద బట్టల గుట్ట చూపించి, "అమ్మాయ్, ఈ నాలుగూ" అన్నాడు.

ఆ అమ్మాయి సంచిలోంచి కాగితం తీసి ఆయన ముందు పరిచింది. "నాకు ఉండాలనే ఉందండీ. ఆవిడే ఉండనివ్వదు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "ఏ కారణమూ చెల్లదా? కుండపోతగా వానొచ్చినా?"

"చెల్లదండీ."

"కొట్టు తగలబడినా?"

"అదీ అడిగానండీ. తగలబడితే ఇంకా పెందలాడే రావచ్చుగా అన్నారు."

ఆయన గబగబా కళ్లజోడు తీసేశాడు. "వెళ్లు తల్లీ, ముందు నువ్వు వెళ్లు. ఇవి నేను చూసుకుంటాను." ఆమె వెళ్లాక నా వైపు తిరిగి, చేతికొచ్చిన చొక్కాను ఉండలా చుడుతూ, "చూశారా అమ్మా, ఎలాంటివాళ్లుంటారో. పసిబిడ్డ తల్లని కూడా చూడదు. ఎవరో బ్రహ్మరాక్షసి. మనమైనా కనికరించకపోతే ఎలా చెప్పండి?" అన్నాడు.

ఆ బ్రహ్మరాక్షసి అక్క కూతుర్ని నేనేనని చెప్పలేదు. ఆ అమ్మాయి అనలేని 'కుదరదు'ను పిన్ని కాగితం మీద రాసిచ్చిందని, చెడ్డపేరు తన నెత్తిన వేసుకుందని అప్పుడుగానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. పిన్ని మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందంటే, ప్యాంటు కొనడం మరిచిపోయి గబగబా ఆవిడింటికి నడిచాను.

గది ఖాళీగా ఉంది. పిన్ని పరుపులు ఎత్తుతోంది.

"ఏం పిన్నీ, ఆలస్యమైతే నిజంగా ఆ పిల్లను తీసేసేదానివా?"

"పసిదాన్ని వీధిలో కూర్చోబెడతానుటే? ఆ సాయంత్రమే దాని తల్లికి గుమ్మం దగ్గర చెవిలో చెప్పాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కనక. ఇంతకీ ఆ కొట్టాయన ఏమంటున్నాడు?"

"నువ్వు బ్రహ్మరాక్షసివట."

పిన్ని చేతిలో పరుపు అలాగే ఉండిపోయింది. "నిజంగా అన్నాడా?"

"నా ఎదుటే అన్నాడు."

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని వరండా వైపు కేకేసింది. "మళ్లీ చెప్పవే, మీ బాబాయి వినలేదు."

మళ్లీ చెప్పాను. బాబాయి గుమ్మానికి ఆనుకుని నిట్టూర్చాడు. "ఇన్నేళ్లుగా నేను దిగమింగుకుంటున్న మాట. ఎవరో పరాయివాడు వచ్చి ఇట్టే అనేశాడు."

"మీరు అననని సంతకం పెట్టారు" అంది పిన్ని, మురిసిపోతూ.