ముఖం తిప్పని మనిషి

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలం మా అమ్మ నన్ను దుమ్ముగూడెం వైపున్న మామ దగ్గరికి పంపింది. హైదరాబాదులో నేను కనిపించిన ప్రతివాడితోనూ గొడవ పెట్టుకుంటున్నానని ఆమె బాధ. మామకు అక్కడ రేకుల సినిమా హాలు ఉండేది. నెలాఖరుకు దాన్ని మూసేసి ఫంక్షన్ హాలు చేద్దామనుకుంటున్నాడు. కొత్త సినిమా ప్రింటు ఆయన దాకా వచ్చేలోపే దాని దొంగ సీడీ బస్టాండులో దొరికేది.

సోమవారం సంత రోజు మాత్రం మ్యాట్నీ నిండేది. ఆ రోజు వేసేది ఒకే ఒక్క పాత సినిమా. పంపిణీదారు దుకాణం ఎత్తేశాక వెనక్కి అడిగేవాళ్లు లేక ఆ ప్రింటు మామ దగ్గరే ఉండిపోయింది. అందులో ఒక పాటను ఈ అడవిలోనే తీశారట. కోయ గూడెం మనుషులకు ఈకలు కట్టి, ఒంటినిండా చుక్కలు పెట్టి, హీరో చుట్టూ గంతులేయించారు. సంతకొచ్చిన గూడేలవాళ్లు తమవాళ్లను చూసుకోవడానికి వచ్చేవాళ్లు. ఈలలు లేవు, కేకలు లేవు. పాట మొదలైతే అంత హాలూ ఊపిరి బిగపట్టేది. అక్కడక్కడా ఎవరో సన్నగా ఒక పేరు పలికేవాళ్లు.

"ఆ పాటల కనిపించేటోళ్లల్ల సగం మంది ఇప్పుడు లేరు రా," అన్నాడు మామ.

ఫోనుకు సిగ్నల్ ముందు తలుపు దగ్గరే దొరికేది. అందుకని మొదటి సోమవారం ముందు బెంచీ మీద కూర్చోబోయాను. అక్కడ ఒక ముసలామె పక్క చోటు మీద తువ్వాల పరిచి కూర్చుని ఉంది.

"ఆడ కూసోకు బిడ్డా."

"ఎవరన్నా వస్తారా అవ్వా?"

"వచ్చేటోడు తెర మీదున్నడు," అంది.

నాకు నవ్వు వచ్చింది. పాట వచ్చాక రాలేదు. ఈకలవాళ్ల వెనక, బల్లెం పట్టుకున్న ఒక సన్నటి మనిషిని ఆమె వేలితో చూపించింది. అతను మెల్లగా ఇటు తల తిప్పబోయాడు. చెవి, చెంప కనిపించాయి. అంతే, ఠక్కున హీరో ముఖం వచ్చేసింది.

"సూసినవా? మునుపు నా దిక్కు మొత్తం తిరిగి సూసేటోడు. ఇప్పుడు సగంల ఆగిపోతుండు. కోపమొచ్చింది."

అతను ఆమె భర్త, గోదావరి వరదలో పోయాడు. శవం దొరకలేదు. వాళ్లలో పోయినవాళ్ల పేరున రాయి పాతుతారు. మనిషే దొరకనప్పుడు రాయెట్లా పాతడమని ఈమె ఒప్పుకోలేదు. అందుకే అలిగి ముఖం తిప్పుకుంటున్నాడని ఆమె నమ్మకం.

"ఒక్కపారి ఇటు సూస్తే ఇంటికి తోల్కపోత. రాయి పాతుత. హాలు మూస్తరట గద, ఇంకెన్నడు సూస్తడు?"

నేను రెండేసి మెట్లు ఎక్కుతూ మెషిన్ గదికి పోయి ఆపరేటర్ తాత మీద అరిచాను. ఆ ముక్క ఎందుకు కత్తిరించావని.

"పట్నం పిలగా, గట్ల ఒర్రకు. ఫిల్ము తెగిందనుకో, రెండు కొసలు కోసి అంటుపెట్టాలె. తెగినప్పుడల్లా నాలుగు బొమ్మలు పోతయ్. ఆడనే తెగుతుంది, నేనేం చెయ్య?"

"ఎప్పుడూ అక్కడే ఎందుకు తెగుద్ది?"

తాత అరలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. దాని నిండా గోరంత ఫిల్ము ముక్కలు.

"మనిషి మొఖమున్న ముక్కను చెత్తల ఎట్లేస్తం?"

నాలుగు ముక్కలు తీసుకుని కిందికొచ్చి, ఫోను తెర వెలుగుకు ఆనించి అవ్వకు చూపించాను. బియ్యపుగింజంత ముఖం. మా ఇద్దరినీ దాటి ఇంకెక్కడికో చూస్తున్నాడు.

"నన్నే," అంది అవ్వ. "ఆనాడు ఆ కెమెరా పక్కకే నిలబడ్డ. నవ్వకు, తిడతరని సైగ చేసిన." తెర వైపు చెయ్యి చూపించి అంది, "ఆ ఒర్రుడు మాత్రం ఆయనది కాదు. ఆయన గొంతు గట్లుండదు."

పాటలో ఆ హోహో కేకలు పట్నంలో ఎవరో అరిచి కలిపినవి.

తాతను బతిమాలాను. జీవితంలో మొదటిసారి అనుకుంటా. డబ్బాలో ముక్కలన్నీ వరస చూసి తిరిగి అంటించడానికి ఆయనకు వారం పట్టింది. "అతుకులు ఎక్కువైతే మెషిన్ల ఇరుక్కుంటది. ఇరుక్కుంటే దీపం వేడికి మొఖం మీదనే కాలుతది. తర్వాత నన్ననకు," అన్నాడు.

ఆఖరి సోమవారం, సినిమాకు ముందు ఎప్పటిలాగే సర్కారు వార్తాచిత్రం వేశారు. జెండా ఎగిరింది. కొండలు, సముద్రాలు, రకరకాల తలపాగాలు. మనమంతా ఒక్కటేనని ఒక బరువైన గొంతు చెప్పింది. అందరితోపాటు అవ్వ కూడా లేచి నిలబడింది.

"గిండ్ల మావోళ్లున్నరా బిడ్డా?"

"లేరవ్వా."

నాకు ఒళ్లు మండింది. దేశాన్ని చూపించే రీలులో వీళ్లు లేరు. వీళ్లున్న రీలులో వీళ్ల గొంతు లేదు. ఎవరిమీద అరవాలో తెలియలేదు.

పాట వచ్చింది. ఫోను పైకెత్తి రికార్డింగ్ నొక్కాను. సన్నటి మనిషి తల తిప్పడం మొదలుపెట్టాడు. చెవి. చెంప. పైన మెషిన్ చప్పుడు గతుకుల్లో పడినట్టు తడబడింది. తెర ఒక మూల గోధుమరంగుకు తిరిగింది. అప్పుడు తిరిగాడు, మొత్తం. అంతమంది ఊగుతుంటే అతనొక్కడే కదలకుండా ముందు బెంచీని చూశాడు.

అవ్వ తన కోయ మాటలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. సినిమా సగంలోనే తువ్వాల మడిచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. వెంట పోతూ ఫోనులో చూసుకున్నాను. తెల్లటి వెలుగు తప్ప ఏమీ పడలేదు. దాని మీద ఎవరిదీ కాని హోహో.

"ఏమన్నవవ్వా ఆయనతో?"

"పొద్దు పోతుంది, ఇంటికి పోదం దా అన్న."

బస్సు వచ్చింది. అవ్వ మెట్టు పక్కన ఆగిపోయింది.

"ఎక్కవేందమ్మా, జల్దీ," అన్నాడు కండక్టర్.

"ఆగు నాయనా. ముందుగాల ఆయన ఎక్కనీ."

కండక్టర్ నన్ను చూశాడు. అప్పటికే నేను ఫోను జేబులో పెట్టుకుని, దారిచ్చి పక్కకు జరిగి ఉన్నాను.