తిప్పినా మారని ముక్క

తొంభైల్లో నంద్యాలలోని ఒక బి.ఎడ్. కాలేజీలో నేను తాత్కాలిక లెక్కల లెక్చరర్ని. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. ఆ బస్సులోనే నాకు బ్రిక్ గేమ్ పిచ్చి పట్టింది. అరచేతిలో పట్టే డబ్బా. తెర మీద పైనుంచి ముక్కలు పడుతుంటాయి. ఒక బొత్తాం నొక్కితే పక్కకు జరుగుతాయి, ఇంకోటి నొక్కితే తిరుగుతాయి.

ఒకరోజు శిరివెళ్ల దాటాక బుర్రలో లైటు వెలిగింది. జరపడం, తిప్పడం, అద్దంలోలా తిరగేయడం... రేఖాగణితంలో పరివర్తనల పాఠమంతా నా చేతిలోనే ఉంది కదా! సంతోషం పట్టలేక సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"ఏందన్నా, దిగుతావా ఈడ?" అన్నాడు కండక్టర్.

ఆ వారమే ప్రిన్సిపాల్ గారు నా క్లాసు చూడటానికొచ్చారు. పాఠం నచ్చితే వచ్చే ఏడాదీ ఉంటాను, లేకపోతే ఇంటికే. నేను జేబులోంచి గేమ్ తీయగానే కాబోయే టీచర్లంతా బెంచీలు వదిలేసి నా భుజాల మీద పడ్డారు. అంతమంది మీద పడేసరికి నాకు ఒళ్లు తెలియలేదు.

"మూడు పరివర్తనలూ ఈ బొత్తాలతోనే చేయొచ్చు. ఈ ఇంగ్లీషు ఎల్ ఆకారం ముక్కను తిప్పుతూ పోతే, కాలు ఎడమకు తిరిగిన ఎదురు ఎల్ వస్తుంది" అని కోతలు కోశాను. ముందే ఒకసారి నొక్కి చూసుకోవాలన్న ఇంగితం ఏమైందో!

"రాదు సార్" అంది రుద్రవరం నుంచి వచ్చే ఒకామె. "నాలుగుసార్లు తిప్పితే మళ్లా మొదటికే వస్తాది."

"ఏందీ, ఇటియ్యి" అని ప్రిన్సిపాల్ గారు గేమ్ లాక్కున్నారు. తిప్పారు. మళ్లీ తిప్పారు. రాలేదు.

"నా కుడిచెయ్యి ఎంత తిప్పినా ఎడమచెయ్యి అయితాదా సార్? అద్దంలో అయితేనే అయితాది" అంటూ ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అద్దం తీసి తెర పక్క అంచున నిలబెట్టింది. అద్దంలో ఎదురు ఎల్! ఆయన కుడికి నొక్కితే అద్దంలో ముక్క ఎడమకు పోతోంది. క్లాసంతా ఒకటే కేకలు.

"అద్దం తియ్యమ్మా, ముక్క పడిపోతాండాది!" అని అరిచారు ప్రిన్సిపాల్ గారు.

నాకు నవ్వు ఆగలేదు. "నేను చెప్పింది తప్పు, ఆమె చెప్పిందే ఒప్పు. ఈ డబ్బాలో అద్దంలోలా తిరగేసే పరావర్తనానికి బొత్తామే లేదు" అని బోర్డు మీద రాసేశాను. ఇంత మంచి పాఠం నేనెప్పుడూ చెప్పలేదు, అదీ నేను చెప్పింది కాదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం గేమ్ పట్టుకుని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఆయన గదికి రమ్మని కబురొచ్చింది. ఉద్యోగం పోయిందనుకునే వెళ్లాను. ఆయన తల ఎత్తలేదు.

"తప్పు చెప్పినావప్పా."

"అవును సార్."

"అందరి ముందర ఒప్పుకున్యావు. నాకు అట్లాంటోడే కావాల. వచ్చే ఏడాది కాగితం ఆ బల్ల మీద ఉండాది, తీసుకో."

కాగితం గుండెకు హత్తుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచారు.

"రేపు వచ్చేటప్పుడు రెండు సెల్లులు పట్టుకరా. ఈ గేమ్‌లోవి అయిపోయినాయి."