బొగ్గుల మోటారు మీద కచ్చురం

అద్దాలన్నీ ఎత్తేసిన కారులో కూర్చోమంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. చేయి దానంతట అదే పోయి అద్దం దించుతుంది. "తాతా, దుమ్మొస్తుంది" అని మనవళ్లు విసుక్కుంటారు. రానీ, దుమ్ముతో ఎవరూ చావరు. ఈ భయం ఎక్కడిదో వాళ్లకు నేనెన్నడూ సరిగ్గా చెప్పలేదు. చెప్పినప్పుడల్లా ఒక అబద్ధం కలిపే చెప్పాను. ఈ వయసులో ఇక దాన్ని మోయలేను.

నేను వడ్లవాణ్ణి. ఇబ్రహీంపట్నంలో మా నాయన నాగళ్లు, ఎడ్లబండ్లు చేసేవాడు. నాకు మాత్రం కచ్చురాలతో పేరొచ్చింది. దొరల గడీల్లోని ఆడవాళ్లు ఊరు దాటాలంటే ఎక్కే మూత బండినే కచ్చురం అంటాం. నాలుగు దిక్కులా పలకలు, పైన కప్పు, వెనక ఒక చిన్న తలుపు, దానికి లోపలి నుంచి మాత్రమే గొళ్లెం. దొరల ఇండ్లలో ఘోషా గట్టిగా నడిచేది. బయటివాడి చూపు లోపల పడకూడదు. అందుకని అతుకుల్లో లక్క, మైనం కలిపి కూరేవాణ్ణి. గాలికోసం కప్పు కింద ఒక వరస చిల్లులు వదిలేవాణ్ణి. బండి పూర్తయ్యాక లోపల దూరి తలుపేసుకుని చూసుకునేవాణ్ణి. ఆ చిల్లుల దగ్గర తప్ప ఎక్కడా వెలుతురు గీత కనబడకపోతే, "శభాష్‌రా" అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. అప్పట్లో నాకు ఒళ్లంతా పొగరే.

మా దొర మోటారు కొన్న కొత్తలో ఎవరూ అది ఎట్లా నడుస్తుందని అడిగేవారు కాదు, ఎట్లా కనిపిస్తుందనే అడిగేవారు. ఇత్తడి బూర కావాలి, మెత్తల మీద మఖమల్ కావాలి, అంచులకు తళతళలాడే రేకు కావాలి. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఇంకో దొర తన మోటారులో సీటును జానెడు ఎత్తు పెట్టించుకున్నాడని తెలిసి, మా దొర మూరెడు ఎత్తించాడు. కింద చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తింది నేనే. దారిలో గుంత వచ్చినప్పుడల్లా దొర తలపాగా పైకప్పుకు కొట్టుకునేది. ఆయన మాత్రం కిక్కురుమనేవాడు కాదు. నవ్వు ఆపుకోలేక నేను పక్కకు తిరిగేవాణ్ణి.

తర్వాత యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరకడం మానేసింది. నిన్నటిదాకా బూరలు, మఖమల్ అడిగినవాళ్లు ఇప్పుడు "ఎట్లనన్న జేసి నడిస్తే సాలు" అనసాగారు. అట్లా వచ్చాయి బొగ్గుల మోటార్లు. మనిషంత ఎత్తు ఇనుప డ్రమ్ము వెనక బిగిస్తారు. అందులో బొగ్గులు మండిస్తే పుట్టే గ్యాసు ఒక పైపు గుండా ముందున్న ఇంజనుకు పోతుంది. బయలుదేరే ముందు డ్రమ్ముకున్న చిన్న చక్రం చేత్తో తిప్పి, లోపలికి గాలి ఊది నిప్పు రాజేయాలి. మోటారు అందం గిందం అంతా పోయింది. మసిబారిన ఆ డ్రమ్మును చూసి మొదట నవ్వినవాళ్లే తర్వాత తమకూ కావాలని తిరిగారు.

మా దొర ఆ డ్రమ్ముతో ఆగలేదు. దొరసాని పట్నంలో ఉన్న తన అక్క ఇంటికి పోయి రావాలి, ఎడ్లబండి మీద రెండు రోజులు పడుతుంది. నన్ను పిలిపించి, "మోటారు ఎనకభాగం కోసి, దాని మీద కచ్చురం కట్టు" అన్నాడు. కట్టాను. వెనక డ్రమ్ము అడ్డం కాబట్టి తలుపు పక్కకు పెట్టాను. మోటారు లేపే దుమ్ము లోపలికి రాకూడదన్నాడు. కప్పు కింది చిల్లులు కూడా మూసేశాను. గ్యాసు పైపు అడుగునుంచి పోతూ రాళ్లకు తగిలి రెండుసార్లు విరిగింది. దాన్ని కచ్చురం లోపలికి మార్చి, సీటు కింద చెక్కపెట్టెలో దాచి ఇంజను దాకా తీసుకుపోయాను. డ్రమ్ము బిగించిన పట్నం మిస్త్రీ అది చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఉస్తాద్, గా పైపు మనుషులు కూసునే కాడ పెట్టొద్దు," అన్నాడు.

ఎందుకో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇనుపపనివాడు నాకు చెప్పేదేమిటని నా తల బిరుసు. పైపు అతుకులో తడిమట్టి మెత్తి, దాని మీద గోనెపట్టీ చుట్టి ఊరుకున్నాను.

మొదటి ప్రయాణానికి దొరసానికి తోడుగా ఒక ఆడమనిషి కావాల్సి వచ్చింది. నా భార్యను పంపుతానని నేనే ముందుకు ఉరికాను. ఆమె అప్పటిదాకా పట్నం చూడలేదు. నా చేతిపనిలో నా పెండ్లాం దొరసాని పక్కన కూర్చుని పోతుంటే ఊరంతా చూడాలని నా ఆశ. నిజానికి ఎవరూ చూడలేరు. నాలుగు దిక్కులా పలకలే కదా.

ఎండాకాలం, పొద్దెక్కుతుండగా బయలుదేరాం. మోటారు నడిపేది ఒక తురకాయన. నాకంటే నాలుగైదేండ్లు చిన్న, నెమ్మదస్తుడు. దొర అప్పటికే పట్నంలో ఉన్నాడు. నేను నిప్పు చూసుకోవడానికి డ్రమ్ము పక్కన చెక్క మీద నిలబడ్డాను. లోపలి ఆడవాళ్లతో మగవాళ్లు మాట్లాడకూడదు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కదిలే ముందు డ్రైవరు ఒకసారి బూర కొడతాడు. లోపలివాళ్లు సర్దుకుని కూర్చున్నాక పలక మీద రెండుసార్లు తట్టాలి. అప్పుడే మోటారు కదులుతుంది. గడీ ముందు బూర మోగగానే టక్ టక్ మని జవాబు వచ్చింది. ఆ తట్టింది నా భార్యేనని నాకు తెలుసు.

చెరువుకట్ట దాటాం. మంగల్‌పల్లి దాటాం. బొంగుళూరు దగ్గర ఎత్తు ఎక్కుతుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది. బొగ్గులకు తేమ పట్టింది. నేను దిగి చక్రం తిప్పడం మొదలుపెట్టాను. నిప్పు రాజుకోదు. ఇంకా తిప్పాను. పావుగంట పైనే తిప్పి ఉంటాను. భుజాలు లాగేస్తున్నాయి, అయినా ఆపలేదు. దొరసాని ముందు నా మోటారు ఆగిపోవడమేమిటని రోషం.

లోపలినుంచి నా భార్య గొంతు వినిపించింది. నాతో మాట్లాడితే తప్పులేదని కాబోలు.

"ఇగో, ఇంటున్నవా? తలకాయ తిరుగుతుంది. దొరసానికి గూడ గట్లనే ఉందంట."

"మోటారెక్కినోళ్లకు గట్లనే అయితది. జర ఓర్సుకో, ఇప్పుడే నడుస్తది," అన్నాను.

అని ఇంకా జోరుగా తిప్పాను. తర్వాత మిస్త్రీ చెప్పాడు. మోటారు నడుస్తున్నప్పుడు ఇంజనే గ్యాసును లాక్కుంటుందట, అతుకు వదులైనా బయటికి రాదట. ఆగి ఉన్నప్పుడు చక్రం తిప్పితే మాత్రం గ్యాసు సందు దొరికిన చోటల్లా తన్నుకొస్తుందట. దానికి పొగ కనబడదు, వాసన కూడా పెద్దగా ఉండదు. మనిషికి ముందు తల తిరుగుతుంది, తర్వాత కాళ్లూ చేతులూ పడిపోతాయి. నా అతుకు వదులైంది. నేను తిప్పిన ప్రతి తిప్పుకూ ఆ విషం నా భార్య కూర్చున్న సీటు కిందికే పోయింది.

చివరికి నిప్పు అందుకుంది. డ్రైవరు బూర కొట్టాడు. జవాబు రాలేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారి కొట్టాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నిద్రవోయిన్రేమో అన్న," అన్నాడతను.

నేను పలకకు నోరు ఆనించి, "ఏమే, ఓ ఏమే" అని పిలిచాను. పిలిస్తే పలకకుండా ఉండే మనిషి కాదామె. తలుపు లాగాను. లోపలి గొళ్లెం నేను చేసిందే, కదల్లేదు.

"పగలగొడుదామా భాయ్?"

"పర్దా మోటారు అన్న. లోపల దొరసాని ఉంది. ఏం గాకుంటే? ఊకెనే పగలగొట్టి లోపలికి సూశినమంటే మన తోలు తీస్తడు దొర."

అతను చెప్పింది నిజమే. అంతకు రెండేండ్ల ముందు గడీ ఆడవాళ్ల బండి తెర తొలగించాడని ఒక పాలేరును చింతబరికెతో ఎట్లా కొట్టారో నేను కళ్లారా చూశాను. వాడు మళ్లీ నిటారుగా నడవలేదు. అప్పుడు నాకు తోచిన ఉపాయం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తలుపు ముట్టుకోవడానికి ఒక ఆడమనిషిని తెస్తే ఎవరికీ తప్పు రాదనుకున్నాను. నాలుగు పొలాల అవతల దారికి కంకర కొడుతున్న ఆడవాళ్లు కనబడ్డారు. భార్యను మోటారులో వదిలి వాళ్ల దగ్గరికి ఉరికాను.

ఒక ముసలమ్మ నా వెంట వచ్చింది. పలకకు చెవి ఆనించి విన్నది. నా వైపు తిరిగి అడిగింది.

"లోపల ఎవరెవరున్నరు?"

"దొరసాని... నా పెండ్లాం."

"పెండ్లాన్ని లోపల వెట్టి నన్ను పిలువొచ్చినవా? థూ నీ బతుకు! పగలగొట్టు!"

నా పనిముట్ల సంచిలోంచి బాడిశ తీసి తలుపు మీద వేశాను. పగల్లేదు. టేకు పలక, నా అతుకు, నా లక్క. నేను ఇన్నాళ్లూ మురిసిపోయిన పనితనమంతా నా ఎదురుగా నిలబడి దారి ఇవ్వనంటోంది. ఏడుస్తూ కొట్టాను. ఎన్ని దెబ్బలకో ఒక పలక చీలింది, డ్రైవరు చేయి పెట్టి గొళ్లెం తీశాడు.

నా భార్య తలుపు దగ్గరే అడ్డంగా పడి ఉంది. ఒక చేయి గొళ్లెం వైపు చాచి ఉంది. దొరసాని వెనక మూలకు ఒరిగిపోయి ఉంది. ఇద్దరి ముఖాలూ ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉన్నాయి. ఆ ఎరుపు చూసి బతికే ఉన్నారనుకుని ఒక్క క్షణం సంతోషించాను. ఆ ఎరుపే విషం గుర్తని అప్పుడు నాకు తెలియదు.

తర్వాత నేను చేసిన పని ఇది. చేతులకు కండువా చుట్టుకున్నాను, దొరసాని ఒంటికి నా చేయి తగలకూడదని. నా భార్యను దాటి లోపలికి పోయి, దొరసానిని ఎత్తుకుని, మళ్లీ నా భార్యను దాటి బయటికి వచ్చాను. నా భార్యను బయటికి ఈడ్చింది ఆ ముసలమ్మే.

ఎండలో, గాలికి పడుకోబెట్టాం. డ్రైవరు ముఖం పక్కకు తిప్పుకుని తన రుమాలుతో విసిరాడు. దొరసాని ముందు కక్కింది, కళ్లు తెరిచింది. నా భార్య తెరవలేదు. ముసలమ్మ ఆమె చెంపల మీద కొడుతోంది, పాదాలు రుద్దుతోంది, నన్ను తిడుతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. ఊపిరి తగిలినట్టే ఉండేది, తగలనట్టే ఉండేది. అంత భయం నా బతుకులో ముందూ లేదు, తర్వాతా లేదు. చాలాసేపటికి ఆమె వేళ్లు కదిలాయి.

దొరకు దొరసాని ఏం చెప్పిందో ఏమో, తలుపు పగలగొట్టి తనను బయటికి తీసింది కంకర కొట్టే ముసలమ్మే అని గడీలో మాట నిలబడింది. నా వీపు బతికింది. దొర నన్ను పిలిచి, "తలుపు సక్కగ జెయ్యి" అని మాత్రం అన్నాడు. పైపును బయటికి మార్చాను, కప్పు కింద చిల్లులు తెరిచాను. యుద్ధం అయిపోయి పెట్రోలు వచ్చాక డ్రమ్ములన్నీ ఊడదీయించారు, మళ్లీ బూరలూ మఖమలూ అడిగారు. ఈసారి పలకలకు బదులు అద్దాలు, తెరలు పెట్టమన్నారు. గాలి ఆడని పని ఎవరు చెప్పినా చేయనన్నాను. అప్పుడు వచ్చినవాళ్లకు ఈ కథ చెప్పేవాణ్ణి. తలుపు పగలగానే నా పెండ్లాన్నే ముందు బయటికి తీసుకొచ్చానని చెప్పేవాణ్ణి.

నా భార్య ఆ కథ చాలాసార్లు విన్నది. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం కందుకూరు నుంచి వచ్చిన ఒకాయనకు అదే చెప్పి పంపించి, నేను అన్నానికి కూర్చున్నాను. ఆమె వడ్డిస్తూ నెమ్మదిగా అంది.

"ఆ పొద్దు నాకు చెయ్యి లేవలే, నోరు లేవలే. తెలివి మాత్రం ఉండె. రెప్పల సందుల నుంచి నువ్వు నన్ను దాటి పోవుడు సూశిన. దాటి వచ్చుడు గూడ సూశిన."

ఆమె గొంతులో కోపమన్నా ఉంటే కాళ్ల మీద పడేవాణ్ణి. కోపం లేదు.

"దొరసాని సచ్చిపోతే దొర నిన్ను బతకనిస్తుండెనా? నేను సచ్చిపోతే ఎవరడుగుతుండె?" అంది, నా పళ్లెంలో ఇంకింత పులుసు పోస్తూ.